పాత స్కూటర్‌కు పడిన ముద్రను ఎంతవరకు నమ్మాలి?

1988లో రిజిస్టరైన బజాజ్ చేతక్ ఇవాళ రోడ్డెక్కాలంటే గడువు పొడిగించిన ఆర్‌సీ ఉండాలి, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి, కనీసం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. మూడూ ఉంటే బండి కండిషన్‌లో ఉన్నట్టేనని అమ్మేవాళ్లు చెబుతారు, కొనేవాళ్లు నమ్ముతారు. కానీ ఈ మూడు కాగితాలూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. వెనుక హబ్ (చక్రం నడిమి భాగం) నట్టు గట్టిగా ఉందా, ఫుట్‌బోర్డు కింద ఇనుము మిగిలి ఉందా, వానలో బ్రేకు పడుతుందా అన్న ప్రశ్నలకు ఏ కాగితమూ పూర్తి జవాబివ్వదు. పాత స్కూటర్ మీద మనిషిని పడేసేవి ఎక్కువగా ఇవే.

ఏ తనిఖీ ఏం చూస్తుంది, ఏం చూడలేదు, ఆ ఖాళీని సొంతదారు ఎలా నింపుకోవాలి అన్నదే ఈ వ్యాసం. ఉదాహరణలన్నీ మన రోడ్ల మీద ఇంకా కనిపించే బళ్లవే: చేతక్, సూపర్, కాన్పూరు ఎల్‌ఎంఎల్ వెస్పాలు, లాంబీ, లక్నో స్కూటర్స్ ఇండియా వారి విజయ్ సూపర్, హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్.

కాగితాల చిక్కు

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత వాడకపు స్కూటర్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. దరఖాస్తు ఫారం 25. గడువు తీరే తేదీకి 60 రోజుల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. ఫీజు 2022 ఏప్రిల్ నుంచి ద్విచక్ర వాహనానికి 1,000 రూపాయలు అయింది. 20 ఏళ్లు దాటిన బండికి 2025 ఆగస్టు సవరణతో 2,000 అయింది. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. బండిని రవాణా శాఖ ఆఫీసుకు తీసుకెళ్లి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. మన ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆయన్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు.

దీన్నే అందరూ ఎఫ్‌సీ చేయించడం అంటారు. నిజానికి చట్టంలోని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఆటోలు, లారీలు, బస్సుల్లాంటి రవాణా వాహనాలది. సొంత స్కూటర్‌కు పొడిగించిన ఆర్‌సీయే ఆ గుర్తు. దాని ఆయుష్షు ఐదేళ్లు. బ్రేకు కేబుల్ ఆయుష్షు అంత కాదు, రోజూ తిరిగే బండి వెనుక టైరు ఆయుష్షు అంతకంటే కాదు.

ఈలోగా మళ్లీ మళ్లీ జరిగే తనిఖీ పొల్యూషన్ పరీక్ష ఒక్కటే. బీఎస్-4 అనే పొగ ప్రమాణానికి ముందు తరం బళ్లకు ఆరు నెలలకోసారి చేయించాలి. అంటే పాత స్కూటర్ ఐదేళ్లలో పదిసార్లు పొగ పరీక్షకు నిలబడుతుంది. బ్రేకులు, చక్రాలు, బాడీ చూపించుకునేది మాత్రం ఒక్కసారే. తరచుగా జరిగే పరీక్ష ప్రాణం కాపాడే భాగాలను ముట్టుకోదు, వాటిని చూసే పరీక్ష ఎప్పుడో గానీ జరగదు. మన పద్ధతిలో అసలు లోపం ఇక్కడే ఉంది. దాన్ని ఇన్‌స్పెక్టర్ల మీద నెట్టి లాభం లేదు.

తనిఖీలో జరిగే పొరపాట్లు రెండు రకాలు. చెడ్డ బండి పాసవడం ఒకటి, మంచి బండి ఫెయిలవడం రెండోది. మొదటిది ప్రమాదం. రెండోదీ చిన్న సంగతి కాదు. మంచి బండి ఊరికే ఫెయిలైతే సొంతదారుకు పరీక్ష మీదే నమ్మకం పోతుంది, తర్వాత ఏజెంట్‌ను వెతుక్కుంటాడు. పాత స్కూటర్ల విషయంలో రెండు పొరపాట్లకూ సాంకేతిక కారణాలున్నాయి. పొగ పరీక్షతో మొదలుపెడదాం.

పొల్యూషన్ పరీక్ష: తక్కువ అంకె ప్రతిసారీ మంచిదని కాదు

2000 మార్చి 31లోపు తయారైన ద్విచక్ర వాహనాలకు ఐడిలింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 9,000) మించకూడదు. ఆ తర్వాత తయారైన టూ-స్ట్రోక్‌లకు 3.5 శాతం, 6,000 పీపీఎం. టూ-స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు లోపలికొచ్చే పెట్రోలు, గాలి మిశ్రమంలో కొంత కాలకుండానే ఎగ్జాస్ట్ దారిన నేరుగా బయటికి పోతుంది. అందుకే బండి ఎంత బాగున్నా హైడ్రోకార్బన్లు ఎక్కువే ఉంటాయి. పరిమితులు వదులుగా పెట్టింది ఆ కారణంతోనే.

ఈ పరీక్ష ఐడిలింగ్‌లో జరుగుతుంది. ఐడిలింగ్‌లో పెట్రోలు వచ్చేది కార్బురేటర్‌లోని పైలట్ జెట్ అనే చిన్న రంధ్రం దారిన, దాన్ని తేల్చేది కార్బురేటర్ వెనుక ఉన్న మిక్స్చర్ స్క్రూ. బండి 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు పనిచేసేది మెయిన్ జెట్. దాని గురించి ఈ పరీక్షకు ఏమీ తెలియదు. స్పాకో కార్బురేటర్ ఉన్న చేతక్‌కు మిక్స్చర్ స్క్రూ పూర్తిగా మూసి, ఒకటిన్నర నుంచి రెండున్నర చుట్లు వెనక్కి తిప్పితే మామూలు సెట్టింగ్. పరీక్ష కోసం దాన్ని అర చుట్టు అటూ ఇటూ తిప్పితే అంకె మారిపోతుంది. బయటికొచ్చాక మళ్లీ వెనక్కి తిప్పేస్తారు. కాగితం మీది అంకె ఆ నిమిషానిదే.

రెండో బలహీనత గొట్టం దగ్గర ఉంది. పొగను కొలిచే ఎనలైజర్ ప్రోబ్ (సన్నటి గొట్టం) ఎగ్జాస్ట్‌లోకి కనీసం 300 మిల్లీమీటర్లు దూరాలి. పాత స్కూటర్ సైలెన్సర్ తోక సన్నం, పొట్టి, లోపల వంపు. ప్రోబ్ అంత లోపలికి పోదు. అలాంటప్పుడు తోకకు పొడిగింపు గొట్టం తొడిగి, అతుకు దగ్గర గాలి చొరబడకుండా మూసి పరీక్షించాలి. అది చేయకుండా ప్రోబ్‌ను మూతి దగ్గర ఆనిస్తే బయటి గాలి కలిసి అంకెలు పడిపోతాయి, పొగ చిమ్మే బండి కూడా పాసవుతుంది. కారు పరీక్షలో ఆక్సిజన్ అంకె చూసి ఈ కల్తీని పట్టుకోవచ్చు. టూ-స్ట్రోక్ ఎగ్జాస్ట్‌లో సహజంగానే కాలని గాలి కలిసి ఉంటుంది కాబట్టి ఆ కిటుకు ఇక్కడ సరిగా పనిచేయదు.

మూడోది సొంతదారులకు అసలు తెలియనిది. ఇంజన్‌లో ఫ్లైవీల్ వైపు క్రాంక్ ఆయిల్ సీల్ (ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు వలయం) గట్టిపడి పగిలితే అక్కడి నుంచి గాలి లోపలికి లాగుతుంది. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అంకె చక్కగా పడిపోతుంది, బండి దర్జాగా పాసవుతుంది. అదే బండి హైవే మీద పది కిలోమీటర్లు గట్టిగా పోతే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది, వెనుక చక్రం ఒక్కసారిగా లాక్ అవుతుంది. అంటే ఈ జబ్బున్న బండికి పొల్యూషన్ పరీక్ష మంచి మార్కులు వేస్తుంది. గుర్తుపట్టే పద్ధతి ఇది: ఇంజన్ వేడెక్కాక యాక్సిలరేటర్ తిప్పి వదలండి. శబ్దం వెంటనే దిగకుండా కాసేపు పైనే నిలిచి నెమ్మదిగా దిగినా, ఐడిలింగ్ దానంతటదే పెరుగుతూ పోయినా సీలునో, కార్బురేటర్ కింది ప్యాకింగ్‌నో అనుమానించాలి. నడుస్తుండగా ఎప్పుడైనా ఇంజన్ గొంతు బిగిసినట్టు మారితే ఆలోచించకుండా క్లచ్ పట్టేయాలి. పాత స్కూటర్ నడిపేవాళ్లకు ఎడమ చెయ్యి క్లచ్ మీద ఉండే అలవాటు అందుకే.

క్లచ్ వైపు సీలు పోతే కథ తిరగబడుతుంది. గేర్ ఆయిల్ క్రాంక్ కేసులోకి చేరి కాలుతుంది, నీలం తెలుపు కలిసిన దట్టమైన పొగ ఎంతకీ ఆగదు. పెట్రోలులో కలిపే 2టీ ఆయిల్ ఎక్కువైందేమోనని తగ్గిస్తూ పోతారు, అదింకా ప్రమాదం. నిర్ధారణకు గేర్ ఆయిల్ మొత్తం దించి కొలవండి. చేతక్‌కు పోసేది ఎస్‌ఏఈ 30 ఆయిల్ 250 మిల్లీలీటర్లు. వెయ్యి కిలోమీటర్ల తర్వాత బయట ఎక్కడా లీకు లేకుండా బాగా తగ్గిందంటే అది సైలెన్సర్ గుండా పోయినట్టే.

సక్రమంగా ఉన్న బండి ఊరికే ఫెయిలవకుండా ఉండాలంటే ఇంజన్‌ను చల్లగా నిలబెట్టొద్దు. ఐదారు కిలోమీటర్లు నడిపి నేరుగా పరీక్షకు తీసుకెళ్లండి. ముందురోజు ఎయిర్ ఫిల్టర్ పెట్రోలులో కడిగి ఆరబెట్టండి. చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూడండి, సగంలో ఇరుక్కునే చోక్ కేబుల్ వల్లే చాలా బళ్లు తప్పుతాయి. ప్లగ్ గ్యాప్ 0.6 మిల్లీమీటర్లు, పాయింట్లున్న (ప్లగ్ నిప్పురవ్వకు కరెంటును తెంపే పాత రకం స్విచ్) బండికి పాయింట్ గ్యాప్ 0.4 దగ్గర ఉంచండి. లీటరు పెట్రోలుకు 2టీ ఆయిల్ 20 మిల్లీలీటర్లు కలిపేది కొలిచి కలపండి, కంటి అంచనాతో వద్దు. సైలెన్సర్‌లో మసి పేరుకుంటే ఇవన్నీ చేసినా ఫలితం ఉండదు, దాన్ని విప్పి మసి దించాల్సిందే.

ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఇంకో మెలిక. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్‌తో మిశ్రమం పలచబడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది, ఇంజన్ వేడి పెరుగుతుంది. పాత రబ్బరు పైపు, పెట్రోలు ట్యాప్ వాషర్, ఫ్లోట్ సూది ఉబ్బి లీకవడం కూడా మొదలవుతుంది. పాత రబ్బరు భాగాలన్నీ ఒకేసారి మార్చి, మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, వేగంగా నడిపాక ప్లగ్ రంగు చూడటం మంచిది. ప్లగ్ తెల్లగా ఉంటే మిశ్రమం ఇంకా పలచగానే ఉంది. నెలకోసారి తీసే బండి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచొద్దు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

రంగు కింద ఏముంది

వెస్పా జాతి బళ్లకు (చేతక్, సూపర్, ఎల్‌ఎంఎల్) విడిగా ఛాసిస్ ఉండదు. రేకుతో చేసిన బాడీయే ఛాసిస్. మోటార్‌సైకిల్‌కు మడ్‌గార్డు తుప్పు పడితే అందం పోతుంది. చేతక్‌కు ఫుట్‌బోర్డు తుప్పు పడితే ముందు చక్రాన్నీ వెనుక చక్రాన్నీ కలిపి ఉంచే ఎముకే తినేసినట్టు. అందుకే వీటికి తనిఖీ ఇంకో రకంగా ఉండాలి. అయితే పొడిగింపు సమయంలో బండి సాధారణంగా స్టాండు మీదే ఉంటుంది, కిందికి వంగి చూసే వీలుండదు. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీసుకోవడం మీదే ఎక్కువ శ్రద్ధ పెడతారు. దొంగబండి కాదని తేల్చడానికి అది అవసరం. బాడీ బలానికీ దానికీ సంబంధం లేదు.

పొడిగింపు ముందు చాలామంది టింకరింగ్, పెయింటింగ్ చేయిస్తారు. కన్నాలకు లప్పం పెట్టి రుద్ది రంగు కొడితే కంటికి కొత్త బండే. తనిఖీ కోసం చేసే ఈ ముస్తాబే తనిఖీని వమ్ము చేస్తుంది. కొత్త రంగు మెరుపు చూసి బండి కొనేవాళ్లు మరింత జాగ్రత్తపడాలి.

చూడాల్సిన చోట్లు ఐదు: ఫుట్‌బోర్డు కింద అడ్డంగా ఉండే బలపు పట్టీలు, బ్రేక్ పెడల్ బాడీకి అతికే చోటు, స్టాండు బోల్టుల చుట్టూ, ఇంజన్‌ను బాడీకి కలిపే పెద్ద బోల్టు రెండు చివర్లు, వెనుక షాక్ అబ్జార్బర్ పైకొస. చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి ఈ చోట్ల నెమ్మదిగా జరపండి. పట్టు సడలిన చోట రేకు మీద లప్పం ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి వినండి, గట్టి రేకు మోగుతుంది, లప్పం డబ్‌మంటుంది. ఫుట్‌బోర్డు రబ్బరు పట్టీలు తీయించి పైనుంచీ చూడండి. వాననీళ్లు నిలిచేది వాటి కిందే. అల్యూమినియం పట్టీ మీద ఫైబర్ అతికించి ఉంటే ఆ బండిని అక్కడే వదిలేయండి. సరైన బాగుచేత అంటే కుళ్లిన రేకు కోసి, అదే మందం కొత్త రేకు వెల్డింగ్ పెట్టడం. కుళ్లిన రేకు మీదే మరో రేకు అతికిస్తే మధ్యలో నీళ్లు చేరి రెండేళ్లలో మళ్లీ మొదటికే వస్తుంది.

లాంబ్రెట్టా వర్గానిది గొట్టపు ఫ్రేము. విజయ్ సూపర్, లాంబీ, పుష్పక్‌లలో పై రేకులు కుళ్లినా ఎముక నిలబడుతుంది. అక్కడ వెతకాల్సింది ఇంజన్ బోల్టు పట్టే బ్రాకెట్ల దగ్గర వెల్డింగ్ పగుళ్లను.

వెనుక చక్రం: ఒక్క నట్టు మీద రెండు ప్రాణాలు

చేతక్‌లో వెనుక బ్రేక్ డ్రమ్ గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ పళ్ల మీద కూర్చుంటుంది. దాన్ని పట్టి ఉంచేది మధ్యలో ఒకే పెద్ద నట్టు, అది తిరిగి ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్. ఇంజన్ శక్తి చక్రానికి చేరేది ఈ పళ్ల గుండానే. నట్టు వదులైతే డ్రమ్ సూక్ష్మంగా ఊగుతూ పళ్లను అరగదీస్తుంది. ఒకరోజు పళ్లు పూర్తిగా పోతాయి, లేదా నట్టు ఊడి చక్రం డ్రమ్‌తో సహా జరిగిపోతుంది. అప్పుడు గేరూ పనిచేయదు, వెనుక బ్రేకూ ఉండదు. తనిఖీలో దీన్ని చూడాలంటే హబ్ మూత తీయాలి. ఎవరూ తీయరు.

ఇంట్లో చూసుకోవడానికి పావుగంట చాలు. ఇంజన్ ఆపి, వెనుక చక్రం నేల తగలకుండా చెక్క దిమ్మ పెట్టి, హబ్ మూత తీయండి. నట్టు చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే లోపల లోహం రాసుకుంటోందని గుర్తు. బండిని ఒకటో గేర్‌లో పెట్టి చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ కదపండి. గేర్‌బాక్స్ లోపలి కొద్దిపాటి కదలిక సహజం. అయితే డ్రమ్ కదిలి నట్టు, షాఫ్ట్ కదలకుండా ఉంటే పళ్లు అరిగాయి. ఒక్క బిగింపుతో అది పోదు, డ్రమ్ మార్చాలి, షాఫ్ట్ కూడా చూడాలి. నట్టును మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) టార్క్ రెంచ్‌తోనే బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ వేసి, నట్టు మీదా డ్రమ్ మీదా కలిసేలా పెయింట్ మార్కర్‌తో గీత గీయండి. తర్వాత మూత తీసి చూస్తే చాలు, గీత తప్పిందో లేదో క్షణంలో తెలుస్తుంది. పిన్ కోసం నట్టును వెనక్కి తిప్పొద్దు, రంధ్రం కలిసేదాకా ముందుకే బిగించాలి. లాంబ్రెట్టా వర్గంలో హబ్ వాలు కోన్ మీద కూర్చుంటుంది కాబట్టి దాని నట్టుకు బిగింపు ఇంకా ఎక్కువ కావాలి. ఆ కోన్ మీద గ్రీజు, దుమ్ము లేకుండా తుడిచి బిగించాలి.

అదే షాఫ్ట్ చుట్టూ ఉండే ఆయిల్ సీల్ ఇంకో శత్రువు. అది కారితే గేర్ ఆయిల్ నేరుగా బ్రేక్ షూల మీదికే వస్తుంది. పాత స్కూటర్లలో వెనుక బ్రేకు పడకపోవడానికి ఇదే పెద్ద కారణం. ఇక్కడ తనిఖీ ఎలా మోసపోతుందో చూడండి. షూలు పూర్తిగా తడవకముందు, చల్లగా ఉన్నప్పుడు, ఇంజన్ ఆపి నెమ్మదిగా తోస్తూ పెడల్ తొక్కితే బండి ఆగుతుంది. పాస్. నాలుగుసార్లు వరసగా గట్టిగా బ్రేకు వేసి డ్రమ్ వేడెక్కాక ఆయిల్ పలచబడి షూ మీద పరుచుకుంటుంది, పెడల్ అంతే తొక్కినా బండి ముందుకే పోతుంది. టైరు లోపలి అంచున నల్లటి తడి చార కనిపిస్తే డ్రమ్ విప్పండి. నూనె తాగిన షూలను పెట్రోలుతో కడిగి మళ్లీ వేసే అలవాటు మన మెకానిక్ షెడ్లలో ఉంది. పై పొర ఆరుతుంది, వేడికి లోపలి నూనె మళ్లీ ఊరుతుంది. షూలు మార్చాల్సిందే, సీలు మార్చకుండా షూలు మార్చీ లాభం లేదు. గేర్ ఆయిల్ ఎక్కువ పోసినా సీలు మీద ఒత్తిడి పడుతుంది కాబట్టి లెవెల్ స్క్రూ తీసి, ఎక్కువైంది కారనిచ్చి మూయాలి. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది. డ్రమ్‌లోని పొడిని నోటితోనో, కంప్రెసర్ గాలితోనో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవాలి.

బ్రేకు నిజంగా ఎంత పనిచేస్తోందో కొలవడం కష్టమేం కాదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 8.3 మీటర్లు పోతుంది. ఖాళీగా ఉన్న, పొడి, చదునైన రోడ్డు మీద సుద్దతో గీత గీసి, ఆ వేగంతో గీత దాటగానే రెండు బ్రేకులూ వేసి ఆగిన చోటికి కొలవండి. దాదాపు 7 మీటర్లలో ఆగితే పాత డ్రమ్ బ్రేకులకు మంచి పనితనం. 10 దాటితే బండిని షెడ్డుకు పంపాలి. ముఖ్యమైంది ఒక్కసారి ఎంతలో ఆగిందని కాదు. ఐదుసార్లు వరసగా చేసి, ఐదోసారి ఎంత పెరిగిందో చూడండి. మొదటిదానికీ ఐదోదానికీ తేడా పెద్దదైతే నూనె గానీ, నాసిరకం లైనింగ్ గానీ, గుండ్రం తప్పిన డ్రమ్ గానీ కారణం. రవాణా శాఖ ఆవరణలో ఇలా ఐదుసార్లు వేయించే సమయం ఎవరికీ ఉండదు.

ముందు చక్రం, రిమ్ములు

వెస్పా జాతిలో ముందు చక్రం ఒకే వైపు చేతికి వేలాడుతుంది. ఆ చేతి పిన్, దాని నీడిల్ బేరింగులు అరిగితే 45 దాటాక హ్యాండిల్ వణుకుతుంది. నిలబడ్డ బండిలో ఇది కనపడదు. ముందు భాగం ఎత్తించి, చక్రం పైఅంచునూ కిందిఅంచునూ పట్టి అటూ ఇటూ ఊపండి. టక్‌మన్న ప్లే (వదులు) ఉంటే, ఒకరు చక్రం ఊపుతుండగా మరొకరు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి: చక్రపు బేరింగా, చేతి పిన్నా, హ్యాండిల్ కింది స్టీరింగ్ గుళ్లా? హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పినప్పుడు సరిగ్గా మధ్యలో గుంటలో పడ్డట్టు ఆగితే స్టీరింగ్ గుళ్ల గిన్నెలు దెబ్బతిన్నాయి. వెనుక చక్రాన్ని అలాగే పక్కలకు ఊపితే ఇంజన్ మొత్తం బాడీ నుంచి కదులుతున్నట్టుంటే ఇంజన్ బోల్టు రబ్బరు బుష్‌లు పోయాయి.

రిమ్ములు రెండు రేకు సగాలు. వాటిని ఒకదానికొకటి బిగించే నట్లు వేరు, రిమ్మును డ్రమ్‌కు బిగించే నట్లు వేరు. గాలి తీయకుండా మొదటి రకం విప్పితే సగాలు పేలినట్టు విడిపోతాయి. ఎముకలు విరిగేంత ప్రమాదం. ట్యూబులో గాలి పూర్తిగా తీశాక, వాల్వు పిన్ను కూడా ఊడదీసిన తర్వాతే వాటి మీద స్పానర్ పెట్టాలి. లోపలి అంచుల్లో తుప్పు పొరలుగా లేస్తే అది ట్యూబును కోస్తుంది. గాలి నెమ్మదిగా కాక ఒక్కసారిగా పోతుంది, చిన్న చక్రం బండి మీద దాన్ని అదుపు చేయడం చాలా కష్టం. టైరు పక్కన నాలుగంకెల తేదీ ముద్ర ఉంటుంది. 1419 అంటే 2019లో 14వ వారం. గీతలు లోతుగానే ఉన్నా ఏళ్ల తరబడి షెడ్డులో నిలబడ్డ టైరు పక్కలు పగిలి ఉంటాయి, పరీక్ష గీతల లోతే చూస్తుంది. చేతక్‌కు గాలి ముందు 18, వెనుక 25 పీఎస్‌ఐ, వెనుక మనిషి కూర్చుంటే వెనుక 35 దాకా. బంకులో అడగ్గానే రెండింటికీ 30 కొట్టేస్తారు. ముందు టైరు రాయిలా బిగిసి బ్రేకు వేసినప్పుడు జారుతుంది.

లైట్లు: వెలిగాయా అన్నది సగం ప్రశ్నే

పాత ఆరు వోల్టుల బళ్లలో హెడ్‌లైటు కరెంటు బ్యాటరీ నుంచి కాదు, ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే మాగ్నెటో నుంచి నేరుగా వస్తుంది. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ వెలుగు పెరుగుతుంది, ఐడిలింగ్‌లో మినుకుమంటుంది. ఈ సంగతి తెలియని చోట మంచి బండిని లైటు డల్లుగా ఉందని పక్కన పెడతారు. పరీక్ష సమయంలో కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి చూపించడం మోసం కాదు, దాని నిర్మాణమే అంత. దీనికి వ్యతిరేకమైనదీ జరుగుతుంది. తుప్పు పట్టిన ఎర్త్ వైరు వల్ల వోల్టేజి 20 శాతం పడిపోతే బల్బు వెలుగు సగానికి పైగా తగ్గుతుంది. అయినా వెలుగుతోంది కాబట్టి పాస్. మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి, ఇంజన్ మధ్యస్థ వేగంలో ఉండగా బల్బు దగ్గరా, మాగ్నెటో నుంచి వైర్లు బయటికొచ్చే జంక్షన్ దగ్గరా కొలవండి. రెండింటికీ అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే వైరింగో, స్విచ్చో తింటోంది.

రెగ్యులేటర్ లేని ఈ బళ్లలో వెనుక లైటు బల్బు పోతే దాని వంతు కరెంటు హెడ్‌లైటు మీద పడి అదీ పోతుంది. చీకట్లో రెండూ ఒకేసారి పోవడానికి కారణం ఇదే. వెనుక ఎల్‌ఈడీ పెట్టినా ఇదే ఇబ్బంది, అది కరెంటు తక్కువ లాగుతుంది. చెప్పిన వాట్ల బల్బులే వేయాలి, ఒక్కొక్కటి అదనంగా డిక్కీలో ఉండాలి.

వింటేజ్ నంబరు, విదేశాల పద్ధతి

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడి నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి నంబరు మధ్యలో ‘వీఏ’ అక్షరాలతో పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఫీజు మొదటిసారి 20,000, తర్వాత 5,000 రూపాయలు. 1972లో వచ్చిన చేతక్ తొలి బళ్లు ఇప్పటికే ఈ వయసుకు చేరాయి. కానీ ఈ నంబరుతో రోజువారీ తిరగడానికి లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, మరమ్మతు, పెట్రోలు కోసమే. రోజూ వాడే 1985 బండికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. ఇక్కడ పరీక్షించేది ప్రధానంగా అసలుతనం. అసలుతనం వేరు, భద్రత వేరు. 1974 నాటి కేబుల్ ఇంకా అసలుదే ఉందంటే అది గొప్ప కాదు, వెంటనే మార్చాల్సిన భాగం. టైర్లు, కేబుళ్లు, షూలు, సీళ్లు మార్చడాన్ని అసలుతనం పేరుతో ఎవరూ వాయిదా వేయకూడదు.

బ్రిటన్ 2018 మే నుంచి, పెద్ద మార్పులు జరగని 40 ఏళ్లు దాటిన బళ్లకు బండి రోడ్డుకు తగినదా అని చూసే వార్షిక ఎంఓటీ పరీక్షే తీసేసింది. అలాంటి బళ్లు తక్కువ తిరుగుతాయి, ప్రేమగా చూసుకుంటారు అన్నది అక్కడి వాదన. బండిని రోడ్డుకు తగినట్టు ఉంచే చట్టబాధ్యత మాత్రం సొంతదారు మీదే ఉంది. ఆ వాదన మన దగ్గర చెల్లదు. ఇక్కడ 35 ఏళ్ల చేతక్ రెండు పాలక్యాన్లు కట్టుకుని తెల్లవారుజామున హైవే ఎక్కుతుంది, గ్యాస్ సిలిండర్ మోస్తుంది, బడిపిల్లలను దింపుతుంది. మనకు తనిఖీ తగ్గించడం కాదు, సరైన చోట చేయడం కావాలి. పాత స్కూటర్లకు ఐదేళ్లకు బదులు రెండేళ్లకోసారి, వెనుక డ్రమ్ విప్పి, ఫుట్‌బోర్డు కింద అద్దం పెట్టి చూసే పరీక్ష ఒకటి ఉంటే ఎన్నో ప్రమాదాలు తప్పుతాయన్నది మా గట్టి అభిప్రాయం. యంత్రాలతో తనిఖీ చేసే ఆటోమేటెడ్ స్టేషన్లలో చక్రాన్ని తిప్పి చూసే రోలర్లు బ్రేకు బలాన్ని మనిషి అంచనా కంటే బాగా కొలుస్తాయి. కానీ రోలర్‌కు తుప్పు కనపడదు, స్ప్లిట్ పిన్ కనపడదు.

అది వచ్చేదాకా పని సొంతదారుదే. నెలకోసారి గాలి, లైట్లు, కేబుల్ చివర్లలో తెగిన పోగులు. ఒక్క పోగు తెగినా కేబుల్ మార్చాలి, లోపలి తీగ సన్నగా ఉండే డూప్లికేట్ వద్దు. ఆరు నెలలకోసారి, పొల్యూషన్‌కు వెళ్లే వారంలోనే, హబ్ నట్టు గీత, డ్రమ్ లోపల తడి, చక్రాల ప్లే, ఐదుసార్ల బ్రేకు కొలత. ఏటా వానాకాలం ముందు ఫుట్‌బోర్డు కింద అయస్కాంతం, టైరు పక్కలు, రిమ్ము లోపలి తుప్పు, గేర్ ఆయిల్ దించి కొలవడం. కొలతలన్నీ ఒక చిన్న పుస్తకంలో తేదీతో రాసి డిక్కీలో పెట్టండి. బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లకు ఆర్‌సీతో పాటు ఆ పుస్తకమూ చూపించండి. కొనేవాళ్లయితే, కాగితాలు చూసిన తర్వాత హబ్ మూత తీయించమని అడగండి.